నోటీసు బోర్డు మీది పాస్‌వర్డు

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు పక్కన నోటీసు బోర్డుంది. ఫ్లాటు నంబరు, ఓనరు పేరు, సెల్ నంబరు. నీళ్ల ట్యాంకరు రాని రోజున ఎవర్ని తిట్టాలో తెలియడానికని పెట్టారు. అది అసలు మా వైఫై పాస్‌వర్డుల పట్టిక అని ఈమధ్యే జ్ఞానోదయమైంది.

గురువు ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టడానికొచ్చిన కుర్రాడు. గోడకి కన్నం పెట్టాడు, చెప్పుల స్టాండు మీద రూటరు ఆనించాడు, "పేరేం పెట్టమంటారు సార్?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే ఫ్లాటు నంబరు కొట్టేశాడు. మరి పాస్‌వర్డో? "మీ సెల్ నంబరే సార్. గుర్తుంటుంది." ఎంత దూరదృష్టి! ఎనిమిదక్షరాలకి తగ్గకూడదని రూలు. సెల్ నంబరుకి పదంకెలు. రూలుకి మించి రెండు ఎక్కువే సమర్పించుకున్నాం. "బిల్డింగంతా ఇదే సార్, ఒక్క కంప్లైంటు లేదు."

కిందికెళ్లి, లిఫ్టు దగ్గర నిలబడి ఫోను తీశాను. గాల్లో 'ఫ్లాట్ 302' కనిపిస్తోంది. బోర్డు మీద 302 వారి పదంకెలూ కనిపిస్తున్నాయి. తాళంకప్పకే తాళంచెవి వేలాడదీసి, పక్కన ఇంటి నంబరు రాసిపెట్టిన ఘనత మాది. నేను కనెక్టు కాలేదు లెండి. మర్యాదస్తుణ్ని. పైగా మా స్పీడే ఎక్కువ.

ఇది వీధి తలుపు సంగతి. లోపల బీరువా ఒకటుంది, రూటరు సెట్టింగుల పేజీ. చాలా రూటర్లకి బ్రౌజర్లో 192.168.1.1 కొడితే తెరుచుకుంటుంది. పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మిన్. "ఇది మారుద్దామా బాబూ?" అంటే, నేనేదో కిడ్నీ అడిగినట్టు చూశాడు. "మారిస్తే మళ్లీ మేమొచ్చినప్పుడు ప్రాబ్లం సార్." పోనీ, పాస్‌వర్డు బదులు బటనుతోనో పిన్‌తోనో కనెక్టు చేసే డబ్ల్యూపీఎస్ అయినా ఆపమన్నాను. "అది ఈజీ సార్!" ఈజీయే. దాని పిన్ ఎనిమిదంకెలు, కానీ రూటరు దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, ఆఖరంకె ముందువాటి లెక్కలోంచే వస్తుంది. పది కోట్ల ప్రయత్నాలు పట్టాల్సింది పదకొండు వేలకి దిగిపోతుంది. ఈ బండారం 2011లోనే బయటపడింది.

"మన దగ్గర దోచుకోడానికేముందండీ" అని వేదాంతం చెప్పేవాళ్లుంటారు. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకి కొన్ని నిమిషాల ముందు బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది, నవీ ముంబైలో ఓ అమెరికా పౌరుడి ఇంటి వైఫై మీదుగా. పాస్‌వర్డు లేని వైఫై. యాభై మందికి పైగా చచ్చిపోయిన కేసులో పోలీసులొచ్చి తట్టింది అతని తలుపు! 2016లో మిరాయ్ అనే సాఫ్ట్‌వేర్ పురుగు, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు అరవై చిల్లర వెంటేసుకుని, కెమెరాల్లోకీ రూటర్లలోకీ దూరింది. ఆ అక్టోబరులో అవన్నీ కలిసి చేసిన దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ అమెరికాలో కుప్పకూలాయి. ఇన్నేళ్లయినా, నెలనెలా డబ్బులు గుంజే కంపెనీ "ఇంకో ఐదు నిమిషాలు కూర్చుని అడ్మిన్ మార్చి రా" అని ఆ కుర్రాడికి చెప్పదు. మరో ఇంటికి పరుగెత్తమంటుంది. వాడినేమనను. సిగ్గులేనిది వాణ్ని పంపినవాళ్లకి.

ఆ రాత్రి నేనే కూర్చున్నాను. బీరువాకి కొత్త తాళం, పద్దెనిమిదక్షరాల పాస్‌వర్డు, వైఫైకి కొత్త రకం భద్రత డబ్ల్యూపీఏ3, చుట్టాలకి వేరే నెట్‌వర్కు.

ఆదివారం అసోసియేషన్ మీటింగులో సెక్రటరీగారు ప్రతిపాదించారు: చుట్టాలొచ్చినప్పుడు అడిగే పని లేకుండా బోర్డు మీద 'వైఫై' అని ఇంకో గడి పెడదామని.

302 ఆయన చెయ్యెత్తారు. "మాకక్కర్లేదండీ. పక్క గడిలో ఉన్నదే."