మూడుసార్లు పిలిచాం, పలకలేదు

బధిర యువకులకు బొత్తిగా బాధ్యత లేకుండా పోయిందని ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక కార్యాలయం ఇటీవల కనిపెట్టింది. పాపం, ఉద్యోగం ఇస్తామని పిలిస్తే వస్తారట, కూర్చుంటారట, తీరా పేరు పిలిస్తే పలకరట!

వినికిడి లోపం ఉన్నవారికే కేటాయించిన కొలువు అది. బరంపురంలో మా పక్కవీధి కుర్రాడు దానికి వెళ్ళాడు. బధిరుల బడిలో చదువు ముగించాడు, ఒడియా, ఇంగ్లీషు చకచకా టైపు చేస్తాడు, అమ్మ తెలుగును పెదవుల మీదే చదువుకుంటాడు. ఆ అమ్మను గేటు దగ్గరే ఆపేశారు. అభ్యర్థులు మాత్రమే లోపలికి రావాలి. నియమం నియమమే.

తర్వాతి కథ అక్కడి అటెండరు చెప్పిందే. గుమస్తాగారు తలుపు సందులోంచి, కాగితం మీది నుంచి కళ్ళు ఎత్తకుండా పేరు పిలిచారు. ముందు బెంచీలో కూర్చున్న కుర్రాడు గోడ మీది జగన్నాథుడి క్యాలెండరు చూస్తున్నాడు. రెండోసారి గొంతు పెంచారు. మూడోసారికి ఆగస్టు పదిహేను మైకు తెప్పించారు. అది కీచుమనగానే వరండాలో పావురాలు లేచిపోయాయి. పింఛను కోసం వచ్చిన పక్కగది ముసలాయన ఉలిక్కిపడి, "నన్నేనా బాబూ?" అంటూ చేతులు కట్టుకుని వచ్చేశాడు. ఆయన్ని సముదాయించి కూర్చోబెట్టారు. "అబ్బాయికి వినబడదేమో సార్" అని అటెండరు నసిగాడు. "అందుకే కదయ్యా మైకు తెప్పించింది!" అన్నారు గుమస్తాగారు. జాబితాలో ఆ పేరుకు ఎదురుగా 'గైర్హాజరు' అని గుండ్రటి అక్షరాలతో రాశారు. రాత వచ్చిన మనిషే సుమా!

ఇక్కడ చట్టాన్ని కూడా మెచ్చుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ కొలువుల్లో కనీసం 4 శాతం కేటాయించింది, అందులో 1 శాతం వినికిడి లోపం ఉన్నవారిది. తగిన అభ్యర్థి దొరక్కపోతే ఖాళీ మరుసటి ఏడాదికి వెళ్తుంది. అప్పుడూ దొరక్కపోతే ఇతర వైకల్యాలవారికి, వారూ లేకపోతే ఏ వైకల్యమూ లేనివారికి. ఈ 'దొరక్కపోవడం' అనే విద్యలో మనవాళ్ళు ఆరితేరారు. ఒక మైకు ఉంటే చాలు.

ఆరు నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదివించాలనీ అదే చట్టం చెప్పింది. ఆ తర్వాత వృత్తి శిక్షణ అంటారు. అంటే మైనపు వత్తులు చేయడం. కరెంటు పోయినా వాటిని కొనే నాథుడు లేడు. సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వైపు ప్రయత్నించమని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. దివ్యాంగుల గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతుంది గానీ, రాష్ట్ర కొలువు దగ్గరికి వచ్చేసరికి స్థానికత అడుగుతారు. అక్కడ ఇతను ఒడిశావాడు, ఇక్కడ గైర్హాజరు.

నవ్వింది చాలు. ఒక పంతులమ్మ ఏళ్ళ తరబడి చేతులతో మాట్లాడి, అక్షరం అక్షరం దిద్దించి నిలబెట్టిన పిల్లవాడండీ! ఆమె శ్రమనంతా ఒక్క మాటతో కొట్టేశారే! చీటీ మీద పేరు రాసి చూపిస్తే మీ సొమ్మేం పోయేది? నాలుగడుగులు వేసి భుజం తట్టలేనంత బరువైన కుర్చీయా అది? సంకేత భాష రాదంటారు, రాకపోనివ్వండి. తలెత్తి ఎదుటి మనిషిని చూడటానికి కూడా శిక్షణ కావాలా? వినబడదని తెలిసే పిలిచారు, వినలేదని తెలిసే కొట్టేశారు. దీన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రావడం లేదు.

తల్లి అర్జీ పెట్టుకుంది. కార్యాలయం వెంటనే స్పందించింది, ఆ మాట ఒప్పుకోవాలి. గైర్హాజరుకు కారణాన్ని అభ్యర్థి స్వయంగా, పని వేళల్లో, ఫోను చేసి చెప్పుకోవాలట.