రోల్ నంబర్ బ్యాచ్ లిస్టు గారికి విన్నపం

మహారాజశ్రీ బ్యాచ్ లిస్టు గారికి,

బెంగళూరులో ఎంబీబీఎస్ చదివే మాకు హెచ్ఓడీలు (డిపార్ట్‌మెంట్ పెద్దలు) మారతారు, ఎగ్జామినర్లు మారతారు. మీరు మాత్రం మారరు. అనాటమీ హాల్ తలుపు మీద మిమ్మల్ని అంటించిన రోజు నుంచి ఇంటర్న్‌షిప్ డ్యూటీల దాకా, ఎవరి పక్కన ఎవరు నిలబడాలో మీరే రాసిపెట్టారు.

ఏబీసీడీల వరసలో పేర్లు పేర్చి, పదిమందికొక గీత గీశారు. తెలుగిళ్లలో పెట్టే పేర్ల సంగతి తెలిసిందే కదా! సాయి కిరణ్, సాయి తేజ, సాయి ప్రియ, సాయి చరణ్... అందరం ఒకే టేబుల్ చుట్టూ చేరాం. వార్డు పోస్టింగుల్లో తెలిసొచ్చింది అసలు తమాషా. పేషెంట్‌ది కోలార్ వైపైతే అదృష్టం, తెలుగు వచ్చి ఉంటుంది. మండ్య నుంచి వస్తేనో? నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకుతోంది, దేనికి తగ్గుతోంది అని హిస్టరీ తీసుకోవాలి. మా పదిమందికీ కలిపి వచ్చిన కన్నడం, ఆటో బేరాల్లో నేర్చుకున్న 'ఎష్టు?' ఒక్కటే. పక్క బ్యాచ్‌లో మంజునాథ్‌లు, మల్లికార్జున్‌లు ఒక్కో మంచానికి పదిమంది దుబాసీలు.

శవాన్ని కోసి నేర్చుకునే డిసెక్షన్‌లో మొదటి రోజు స్కాల్పెల్ కత్తి ఎవరి చేతికొస్తే ఏడాదంతా వాళ్లదే. ఒకరు ఎలా కోయాలో చెప్పే కన్నింగ్‌హామ్ పుస్తకం పైకి చదువుతారు, ఒకరు చర్మం పక్కకి లాగి పట్టుకుంటారు. మిగతావాళ్లు ఫార్మలిన్ ఘాటుకి కళ్లు తుడుచుకుంటూ అటెండెన్స్ వేయించుకుంటారు. చేతికి వెళ్లే నరాల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్‌ని సరిగ్గా చూసేది ఇద్దరు, వైవాలో (నోటి పరీక్షలో) అడిగేది అందరినీ.

స్కిల్స్ ల్యాబ్ సరేసరి. గుండె ఆగినవాళ్లకి చేసే సీపీఆర్‌లో నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి. అలసిపోతారు కాబట్టి 2 నిమిషాలకోసారి మనిషి మారాలి. ఒకరు టైం చూడాలి, ఒకరు అందరినీ నడిపించాలి. మీరేమో పేర్లిచ్చారు గానీ పనులు పంచలేదు. అందుకని మాకు నలుగురు లీడర్లు, టైం చూసేవాడు లేడు. నొక్కేవాడు పాపం, బెల్లు కొట్టేదాకా నొక్కుతూనే ఉంటాడు.

అలాగని ఫ్రెండ్స్‌ని మేమే ఎంచుకుంటామని అడగడం లేదు. అదింకా ఘోరం. ఒకే పీజీ హాస్టల్లో (పేయింగ్ గెస్ట్) ఉండేవాళ్లు ఒకే టీం అవుతారు, ఒకే రికార్డు అందరి చేతా కాపీ అవుతుంది. 1970ల చివర్లో ఓక్లహోమా యూనివర్సిటీలో లారీ మైఖేల్సన్ అనే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ టీమ్ బేస్డ్ లెర్నింగ్ మొదలుపెట్టారు. తర్వాత మెడికల్ కాలేజీలూ దాన్ని అందుకున్నాయి. అందులో టీంకి ఐదు నుంచి ఏడుగురు, ఎవరికేం వచ్చో చూసి కలిపేది టీచరే. ఎవరెంత పనిచేశారో టీంలోవాళ్లే చెబుతారు. ఈ చివరి ముక్క వింటే మా బ్యాచ్‌లో ముగ్గురికి జ్వరం ఖాయం.

టేబుల్‌కి ఇద్దరైనా కన్నడం వచ్చినవాళ్లను పంపండి. స్కాల్పెల్ వారానికొకరి చేతికి రానివ్వండి. ఇంత పని మీ వల్ల కాదంటే, కనీసం ఈసారి జెడ్ నుంచి ఏకి పేర్చండి. సాయిలం ఎలాగూ ఒకచోటే ఉంటాం, వైవా అయినా తొందరగా ముగించుకుని భోజనానికి వెళ్తాం.

ఇట్లు,
చర్మం పట్టుకునే సాయి