స్థానభ్రంశం లెక్కగట్టే సూత్రం యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్ (ut + ½at²) గారికి

అయ్యా,

ఒడిశా బరంపురంలో గేట్ బజార్ పక్క సందులోంచి మీ బాధితుడు రాసుకునే విన్నపం.

మా తొమ్మిదో తరగతి కుర్రాడు నిన్న రాత్రి మీతో కుస్తీ పట్టాడు. ఆగివున్న బస్సు 2 మీ/సె² సమత్వరణంతో, అంటే వేగం సెకనుకి రెండేసి చొప్పున ఒకే తీరున పెరుగుతూ, బయల్దేరితే 5 సెకన్లలో స్థానభ్రంశం, అంటే మొదటి చోటినుంచి చేరిన చోటికి నేరు దూరం, ఎంత? వాడు తుదివేగం 10 అని కట్టి, 5తో హెచ్చవేసి, 50 మీటర్లని దర్జాగా కింద రెండు గీతలు కొట్టాడు. మీ ‘హాఫ్’ గల్లంతు. ‘బస్సు కదిలీ కదలగానే పదితో పరిగెత్తిందట్రా?’ అంటే బుర్ర గోక్కున్నాడు. సున్నాకీ పదికీ సగటు 5, అయిదైదులు 25. సెకను సెకనుకీ విడదీస్తే 1, 3, 5, 7, 9. బేసి సంఖ్యల బారు, కూడితే మళ్లీ అదే 25. గెలీలియో పట్టుకున్న వరస ఇదేరా అని చెబుతుంటే నాకే ముచ్చటేసింది. అందాకా మీకో దండం.

గొడవల్లా ఆ ‘సమ’ దగ్గరే. మా ఇచ్ఛాపురం బస్సు ఎప్పుడైనా ఎక్కారా? గేరు మారితే కుదుపు, ఆవు అడ్డొస్తే బ్రేకు, వెనకనుంచి ఎవరో ఒడియాలో ‘రుహ, రుహ’ (ఆగు, ఆగు) అని అరిస్తే మళ్లీ బ్రేకు. త్వరణం కాస్త అటూ ఇటూ అయిందా, ‘ఇది నా పరిధి కాదు’ అని తమరు తప్పుకుంటారు. అచ్చం ఆఫీసు గుమాస్తాలాగే.

పోనీ స్థానభ్రంశమైనా సరిగ్గా చూస్తారా? మా ఊరి అమ్మవారి ఠాకురాణి జాతరలో ఘటాల వెంట వీధి వీధీ తిరిగి, అరికాళ్లు బొబ్బలెక్కి ఇంటికి చేరితే, మీ ఖాతాలో సున్నా. మావాడి ఒడియా పుస్తకంలో దాన్ని విస్థాపన అంటారు. ఇల్లూ పొలం పోయి ఊరొదిలిన వాళ్ల గురించి చెప్పేటప్పుడూ ఇక్కడ అదే మాట.

మా తాత సంగతి తేల్చండి మరి. 1936 మార్చి 31 రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్నాడు, ఊరిని కొత్త రాష్ట్రంలో కలపడంతో ఏప్రిల్ 1 పొద్దున్నే ఒరిస్సాలో లేచాడు. నులకమంచం అంగుళం జరగలేదు. తొలివేగం సున్నా, త్వరణం సున్నా, కాలం ఒక రాత్రి. మావాడి చేతే మీలో వేయించాను. సున్నా వచ్చింది.

‘నాన్నా, దీనికీ యూనిట్ రాయాలా?’ అన్నాడు.