మొటిమల మందు: భయం ఒకచోట, ప్రమాదం మరోచోట

మూడేళ్లపాటు నా మొహానికి మందు ఇచ్చింది డాక్టరు కాదు, మా వీధి చివరి మెడికల్ షాపులో కౌంటర్ వెనక నిలబడే మనిషి. అప్పటికి నాకు 29 ఏళ్లు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు, రుషికొండలో ఉద్యోగం. ఇంటర్ చదివే రోజుల్లో కూడా రాని మొటిమలు గడ్డం మీద, దవడ అంచున గట్టి గడ్డల్లా లేవడం మొదలయ్యాయి. ముట్టుకుంటే నొప్పి. ఒకటి మానేలోపు పక్కన ఇంకొకటి. మానిన చోట నల్లటి మచ్చ నెలల తరబడి ఉండిపోయేది. "వేడి చేసింది, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు" అంది అమ్మ. "ఈ వయసులో మొటిమలేంటి?" అన్నారు ఆఫీసులో. షాపతను మాత్రం ఏ ప్రశ్నా అడగలేదు. "ఇది రాయండి మేడమ్, వారంలో తగ్గిపోద్ది" అని ఒక ట్యూబ్ చేతిలో పెట్టాడు.

వారం కూడా పట్టలేదు, నాలుగు రోజుల్లోనే తగ్గింది. ట్యూబ్ ఖరీదు వంద రూపాయల లోపే. అతను చీటీ అడగలేదు, అందులో ఏముందని నేనూ అడగలేదు. అది మానేస్తే మొటిమలు ఇంతకు ముందుకన్నా ఎక్కువగా వచ్చేవి. మళ్లీ రాస్తే తగ్గేవి. మూడో ఏడాదికి మొహం ఎప్పుడూ ఎర్రగా, కారం పూసినట్టు మండుతూ ఉండేది. సాయంత్రం నాలుగింటికి బీచ్ రోడ్డులో పది నిమిషాలు నడిచినా తట్టుకోలేకపోయేదాన్ని. బుగ్గల మీద సన్నటి నరాలు కనిపించడం మొదలయ్యాక గానీ స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. ఆవిడ ట్యూబ్ మీద పేర్లు చదివి, దాన్ని నా వైపు తిప్పి, ఒక పదం మీద వేలు పెట్టి చూపించారు. అది స్టెరాయిడ్.

అదే డాక్టర్ కొన్ని నెలల తర్వాత ఐసోట్రెటినోయిన్ క్యాప్సూల్ రాసినప్పుడు నేనేం చేశానో చెప్పాలి. చీటీ తీసుకుని వారం రోజులు ఆలోచించాను. కనిపించిన ప్రతివారినీ అడిగాను. "లివర్ పోతుందట" అన్నారు ఒకరు. "పిల్లలు పుట్టరట" అన్నారు ఇంకొకరు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏ ప్రశ్నా లేకుండా మూడేళ్లు స్టెరాయిడ్ రాసుకున్న మనిషిని, డాక్టరు పరీక్షలు చేయించి, లెక్క కట్టి ఇచ్చిన మందు చూసి వణికిపోయాను. నా చుట్టూ ఉన్నవాళ్లలో కూడా ఇదే చూస్తున్నాను. మనకు భయం లేక కాదు, ఉండాల్సిన చోట లేకుండా మరోచోట ఉంది.

ముందు ఆ ట్యూబ్ సంగతి. స్టెరాయిడ్ క్రీములు చెడ్డ మందులేమీ కావు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి చర్మ జబ్బుల వైద్యంలో అవి ముఖ్యమైనవి. మొటిమలకు మాత్రం అవి పనికిరావు. స్టెరాయిడ్ ఎరుపును, వాపును తొందరగా అణుస్తుంది కాబట్టి మొదటి వారం అద్భుతంలా ఉంటుంది. వాడుతున్న కొద్దీ చర్మం పలచబడుతుంది, నరాలు తేలతాయి, కొందరికి మొహం మీద నూగు పెరుగుతుంది. ఆ మందు వల్లే కొత్త మొటిమలు వస్తాయి. ఆపితే చర్మం ఎదురు తిరుగుతుంది. ఈ దేశంలో ఇలా పాడైన మొహాలు ఎన్ని చూశారో ఏమో, మన చర్మ వైద్యులు ఈ స్థితికి ఒక పేరే పెట్టుకున్నారు: టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్. వాళ్ల సంఘం ఏళ్ల తరబడి పోరాడాక 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. రూలు వచ్చింది కానీ కౌంటర్ దగ్గర అలవాటు అంత తేలిగ్గా పోలేదు. తెల్లబడతామని వాడే క్రీములు కొన్నిటిలో కూడా ఇదే స్టెరాయిడ్ ఉంటుంది. అవి ఫేషియల్ కిట్ పక్కన, పౌడర్ డబ్బా పక్కన కూర్చుని ఉంటాయి కాబట్టి మందులని ఎవరికీ అనిపించదు.

ఇప్పుడు అందరూ భయపడే క్యాప్సూల్ సంగతి. ఐసోట్రెటినోయిన్ విటమిన్ ఏ కుటుంబానికి చెందిన మందు. 1979లో అమెరికాలో గ్యారీ పెక్ అనే వైద్యుడి బృందం, ఏ మందుకూ లొంగని గడ్డల మొటిమలు ఉన్న 14 మందికి ఇచ్చి చూస్తే 13 మందికి పూర్తిగా తగ్గాయి. 1982లో అక్కడ అనుమతి వచ్చింది. మొటిమలకు ఉన్న నాలుగు మూలకారణాల మీదా, అంటే నూనె ఎక్కువ ఊరడం, రంధ్రాలు పూడుకుపోవడం, బ్యాక్టీరియా పెరగడం, వాపు రావడం అన్నిటి మీదా పనిచేసే మందు ఇదొక్కటే. నూనె గ్రంథులే కుంచించుకుపోతాయి. అందుకే కోర్సు పూర్తయ్యాక చాలామందికి మళ్లీ రావు. కొందరికి వస్తాయి, అదీ నిజమే.

ఈ మందుకొక లెక్క ఉంది, అది రోగికి చెప్పేవాళ్లు తక్కువ. మొత్తం కోర్సులో ఒంటి బరువు కిలోకి 120 నుంచి 150 మిల్లీగ్రాములు పడాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న కొలత. నేను 60 కిలోలు. 120తో గుణిస్తే 7,200 మిల్లీగ్రాములు. రోజుకు 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్ అయితే 360 రోజులు, అంటే ఏడాది. రోజుకు 40 అయితే ఆరు నెలలు. మనవాళ్లు చాలామంది రెండో నెలలో మొహం శుభ్రపడగానే ఆపేస్తారు. రోజుకు 20 చొప్పున నా లెక్కలో అది 1,200 మిల్లీగ్రాములు, ఆరో వంతు. ఆరు నెలల తర్వాత మొటిమలు తిరిగొస్తే "ఆ మందు కూడా పనిచేయలేదు" అంటారు. తక్కువ మోతాదులో ఇచ్చే డాక్టర్లు కూడా ఉన్నారు, దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఎంత కాలం, ఎందుకు అన్నది మాత్రం మొదటి రోజే కాగితం మీద రాసి ఇవ్వాలి. నాకు మా డాక్టర్ రాసిచ్చారు. ఆ కాగితం లేకపోతే నేనూ రెండో నెలలోనే మానేసేదాన్ని.

మొదటి నెలలో మొటిమలు తగ్గకపోగా పెరిగాయి. ఇలా జరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. తర్వాత పెదాలు. ఈ మందు వాడేవాళ్లలో పెదాలు ఎండిపోని వాళ్లు దాదాపు ఉండరు. విశాఖలో గాలి నిండా తేమే. మే నెలలో చీర ఒంటికి అతుక్కుపోతుంది. ఆ ఉక్కలో కూడా నా పెదాలు పగిలి, ఆవకాయ తినాలంటే భయమేసేది. వాసెలిన్ డబ్బా బ్యాగులో ఒకటి, ఆఫీసు డెస్కులో ఒకటి, దిండు పక్కన ఒకటి. కళ్లు పొడిబారి కాంటాక్ట్ లెన్సులు మానేసి అద్దాలకు వచ్చాను. పార్లర్‌లో వ్యాక్సింగ్ వద్దన్నారు, చర్మం ఊడి వస్తుందని. మందు ఆపాక కూడా ఆరు నెలలు ఆగమన్నారు.

ఇంకో సంగతి నేను సొంతంగా అయితే ఎప్పటికీ కనుక్కునేదాన్ని కాదు. మామూలు క్యాప్సూల్ కొవ్వు ఉన్న భోజనంతో అయితేనే ఒంటికి బాగా పడుతుంది. నేను పొద్దున్నే రెండు ఇడ్లీ, కొబ్బరి చట్నీతో మింగుతున్నాను. మధ్యాహ్నం చేపల పులుసు అన్నం తిన్నాక వేసుకోమన్నారు డాక్టర్. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేదాన్ని కాబట్టి, ఆ రోజుల్లో రాత్రి నక్షత్రం చూసి భోంచేశాక వేసుకున్నాను. రక్త పరీక్షలు ముందొకసారి, తర్వాత రెండుసార్లు చేయించారు, లివర్‌కీ కొలెస్ట్రాల్‌కీ. రెండోసారి ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఒక రకం కొవ్వు, పెరిగాయి. మోతాదు కొంచెం తగ్గించి, వేపుళ్లు తగ్గించమన్నారు, దిగొచ్చాయి. "లివర్ పోతుందట" అన్న భయానికి మందు ఇదే, పరీక్ష చేయించడం. చీటీ లేకుండా షాపులో స్ట్రిప్పు కొనుక్కునే వాళ్లకు ఆ కాపు ఉండదు.

"పిల్లలు పుట్టరట" అన్న మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలి. ఆ మాట అబద్ధం. కానీ దాని వెనక ఉన్న నిజం అంతకన్నా భయంకరమైనది, దాన్నే ఎవరూ గట్టిగా చెప్పరు. ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డ తల, మొహం, చెవులు, గుండె, మెదడు దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ. అందుకే మొదలుపెట్టే ముందు ఒక నెల, వాడినంత కాలం, ఆపాక ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ నెల దాటితే మందు ఒంట్లోంచి పోతుంది, తర్వాత నిశ్చింతగా పిల్లల్ని కనొచ్చు. సోరియాసిస్‌కి వాడే అసిట్రెటిన్ అనే మరో మందుకు మూడేళ్లు ఆగాలి. రెంటినీ కలిపేసుకుని కంగారుపడేవాళ్లు కూడా ఉన్నారు.

అమెరికాలో 2006 నుంచి ఐప్లెడ్జ్ అనే పద్ధతి ఉంది. గర్భం రాగల వయసు స్త్రీ అందులో నమోదు కావాలి, గర్భ పరీక్ష చేయించుకోవాలి, అప్పుడే మందు. అది మరీ చాదస్తం అని అక్కడివాళ్లే విసుక్కుంటారు. మనకు అలాంటిదేమీ లేదు. ఉన్నదల్లా డబ్బా మీద హెచ్చరిక, డాక్టరు నోటి మాట. ఆ నోటి మాట దగ్గరే మన ఇబ్బంది మొదలవుతుంది. పెళ్లికాని అమ్మాయి ఓపీ గదిలో వాళ్లమ్మ పక్కన కూర్చుని ఉంటుంది. డాక్టర్ "పెళ్లయిందా?" అని అడుగుతారు. "ఇంకా లేదండీ" అని తల్లి చెబుతుంది. అక్కడితో ఆ విషయం అయిపోయిందనుకుంటారు. నిజానికి అడగాల్సింది వేరే ప్రశ్న, అది అమ్మాయిని ఒంటరిగా అడగాలి.

దీనికన్నా పెద్ద ప్రమాదం మన పెళ్లిళ్ల క్యాలెండర్‌లో ఉంది. ఏళ్ల తరబడి పట్టించుకోని మొటిమలకు సంబంధం కుదరగానే వైద్యం మొదలవుతుంది. ముహూర్తానికి నాలుగు నెలల ముందు క్యాప్సూల్ మొదలైతే, కోర్సు మధ్యలో పెళ్లి అవుతుంది. పెళ్లయిన మూడో నెల నుంచే "విశేషం ఏమైనా ఉందా?" అని అడిగే ఇళ్లు మనవి. కొత్త కాపురంలో ఆ పిల్ల మందు సంగతి ఎవరికి చెబుతుంది? అత్తగారికా? మొటిమలకు మందు వాడుతున్నానని చెబితే ఏమనుకుంటారో అని భర్తకే చెప్పని వాళ్లున్నారు. పెళ్లి కోసం మొదలుపెట్టిన మందు పెళ్లితోనే ప్రమాదకరంగా మారుతోంది. ఇది డాక్టర్లకు తెలియదని నేననుకోను. కానీ "పెళ్లి ఎప్పుడు?" అన్న రెండో ప్రశ్న చీటీ రాసే ముందు రావాలి.

మనసు మీద ప్రభావం గురించి కూడా అడుగుతారు. ఈ మందు డబ్బా మీద డిప్రెషన్ హెచ్చరిక ఉంది. లక్షల మంది వివరాలు కలిపి చూసిన విశ్లేషణల్లో మొత్తం మీద ముప్పు పెరిగినట్టు కనపడలేదు. అయినా ఇంతకు ముందు అలాంటి బాధ ఉన్నవాళ్లు డాక్టర్‌కి చెప్పాలి, ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. నా మట్టుకు నాకు, టెన్షన్ అంతా అద్దం చూసుకోలేని ఆ మూడేళ్లలోనే ఉంది.

క్యాప్సూల్ కన్నా ముందు చేయాల్సినవి ఉన్నాయి, అందరికీ అది అక్కర్లేదు. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ పైపూతలతో చాలామందికి సరిపోతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్ల రంగు ఎగరగొడుతుంది, పాతవి వాడుకోవాలి. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మూడు నాలుగు నెలలకు మించి సాగదీయకూడదు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకోగానే పడుకోకూడదు, అన్నవాహిక పుండవుతుంది. ఐసోట్రెటినోయిన్‌తో కలిపి అసలు వాడకూడదు.

నెలసరి ముందు దవడ మీద పొంగే ఆడవాళ్ల మొటిమలకు స్పైరోనోలాక్టోన్ అనే మాత్ర ఉంది. మా ఆఫీసులో ఒకావిడకు అది రాశారు. ఆవిడ భర్త మందులకు వెళితే షాపులో "ఇది గుండె జబ్బు మాత్ర కదండీ, ఎవరికి?" అన్నారట. ఆ మాటతో ఇంట్లో గొడవ, మాత్ర బీరువాలోనే ఉండిపోయింది. అది గుండెకూ బీపీకీ వాడే మందే, నిజం. పురుష హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది కాబట్టి మొటిమలకూ ఇస్తారు. బ్రిటన్‌లో 410 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో మందు లేని ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా పనిచేసిందని 2023లో తేలింది. మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. గర్భంతో ఉన్నప్పుడు ఇదీ వాడకూడదు. ఈ నాలుగు ముక్కలు ఓపీలోనే చెప్పి ఉంటే షాపతని మాటకు అంత బలం ఉండేది కాదు. అదే కౌంటర్‌లో స్టెరాయిడ్ ట్యూబ్ కొన్నప్పుడు "ఎవరికి?" అని నన్నెవరూ అడగలేదు.

డాక్టర్ల మీద కోపం తెచ్చుకోవడం తేలిక. మా ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్ ఓపీలో చీటీ పట్టుకుని నిలబడిన వరస చూసినవాళ్లకు, ఒక్కొక్కరికీ ఎన్ని నిమిషాలు దొరుకుతాయో చెప్పనక్కర్లేదు. అయినా ఇది కుర్చీలో కూర్చుని మాట్లాడి ఇవ్వాల్సిన మందు. ఆ టైము లేనప్పుడు తెలుగులో అచ్చేసిన ఒక్క కాగితం ఇవ్వొచ్చు. డబ్బాలో ఉండే ఇంగ్లిష్ కాగితాన్ని మా అమ్మ చదవలేదు, నేను చదివినా సగం అర్థం కాలేదు.

మొన్న దసరా తర్వాత పిన్ని ఫోన్ చేసింది. చెల్లికి మాఘంలో పెళ్లి, మొహం నిండా మొటిమలు, "నువ్వు వాడావు కదమ్మా, ఆ మాత్ర పేరు చెప్పు" అని. నేను పేరు చెప్పలేదు, వాళ్లను మా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. పిన్నిని బయట నాతో కూర్చోబెట్టాం. లోపల పావుగంట పట్టింది. చెల్లి చేతిలో చీటీతో వచ్చింది. క్యాప్సూల్ రాయలేదు. అజెలాయిక్ యాసిడ్ క్రీమ్ రాశారు, గర్భం వచ్చినా ఇబ్బంది లేనిదని. "పెళ్లికి పూర్తిగా తగ్గవన్నారు అక్కా" అంది. పిన్ని మొహం చిన్నబోయింది. "మరి ఆ పెద్ద మాత్ర ఎప్పుడిస్తారట?" అని అడిగింది. చెల్లి కొంచెం సిగ్గుపడుతూ, "పిల్లల సంగతి ఎప్పుడనుకుంటున్నామో ఇద్దరం మాట్లాడుకుని రమ్మన్నారు" అంది. ఆ సాయంత్రమే కాబోయే భర్తకు ఫోన్ చేసి చెప్పిందట.