లినక్స్‌కి మారితే పని మీద ప్రేమ పుడుతుందట!

మా డీటీపీ వాళ్ల (కంప్యూటర్లో శుభలేఖలూ కరపత్రాలూ తయారుచేసేవాళ్ల) గ్రూపుల్లో, విండోస్ బదులు వాడుకునే లినక్స్ అనే ఉచిత సిస్టమ్ గురించి ఒక మెసేజ్ తిరుగుతోంది, ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటున్నారు. “విండోస్ 10 పని అయిపోయింది, ఈ సాయంత్రమే లినక్స్ ఎక్కించుకోండి, మీ పని మీద మీకు మళ్లీ ప్రేమ పుడుతుంది” అని మొదలై, కింద ఐదు కారణాలు, ఆ కింద వరసగా దండాలు. పంపినవాళ్లలో ఒక్కరూ మారిన దాఖలా లేదు, అది వేరే సంగతి.

2025 అక్టోబర్ 14 తర్వాత విండోస్ 10 ఆగిపోతుందట. ఆగిపోతే ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేసింది దేని మీద? ఆగింది అప్‌డేట్లు. ఇంటి కంప్యూటర్లకు సెక్యూరిటీ అప్‌డేట్ల వరకు మైక్రోసాఫ్టే ఇంకో ఏడాది గడువిచ్చింది.

లినక్స్‌కి వైరస్ రాదట. 2024 మార్చిలో లినక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది, అదీ ఒక ఇంజనీరు లాగిన్ అర సెకను ఎందుకు లేటవుతోందని తవ్వబట్టి. తవ్వకపోతే?

పాప్-అప్‌లు ఉండవు కాబట్టి ఏకాగ్రత కుదురుతుందట. నా ఏకాగ్రత చెడగొడుతున్నది విండోస్ కాదు నాయనా, మీ ఫార్వర్డ్‌లు.

అసలు ఒళ్లు మండేది నాలుగో పాయింటుకి. “అను, పేజీమేకర్, కోరెల్ అన్నీ వైన్‌లో నడుస్తాయి, ఒక్క సాయంత్రంలో షాపంతా మార్చేయొచ్చు.” అను మన తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్, పేజీమేకర్, కోరెల్ పేజీలు డిజైన్ చేసేవి, వైన్ అంటే విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపేది. ఆ మాట నమ్మి పెళ్లిళ్ల సీజన్లో ఎవరైనా సిస్టమ్ ఫార్మాట్ కొట్టారంటే వాళ్ల గతేంటి? పేజీమేకర్ తెరుచుకుందనే అనుకుందాం. 2001లో వచ్చిన 7.0యే దాని ఆఖరి వెర్షన్, 2004 కల్లా అడోబీ దాన్ని పక్కన పెట్టేసింది, అయినా మన షాపుల్లో ఇంకా బతికుందంటే దాని గొప్పతనం వల్ల కాదు, మన పాత ఫైళ్లన్నీ అందులో ఉండబట్టి. ఆ ఫైల్లో ఉన్నది కంప్యూటర్ దృష్టిలో తెలుగే కాదు. అను ఫాంట్‌లో అక్షరం ఒక ముక్క, గుణింతం ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క, అన్నీ ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో శుభలేఖ తెరిస్తే వధువు పేరు ఉండాల్సిన చోట నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లిషు అక్షరాలు వరసగా కనిపిస్తాయి. అందుకే కదా ప్రెస్‌కి పంపేముందు ప్రతి ఆపరేటరూ కోరెల్‌లో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసేది, అంటే అక్షరాలను బొమ్మలుగా మార్చేది! బొమ్మలయ్యాక అక్షరాలుగా దిద్దలేం. ఆ తర్వాత ముహూర్తం మారిందని ఫోనొస్తే పరిస్థితి ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

పైగా యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ అలవాటైన ఆపరేటర్ కీల వైపు చూడడు. కస్టమర్‌తో రేటు బేరమాడుతూనే మేటర్ కొట్టేస్తాడు. అతన్ని కొత్త స్క్రీను ముందు కూర్చోబెడితే పుట్టేది ప్రేమ కాదు, టెన్షన్. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ ఏళ్ల తరబడి తంటాలు పడి దాదాపు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కి మార్చి, 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని తీర్మానించుకుంది. అందులో రాజకీయాలూ ఉన్నాయి, సరే. మనవాళ్లకు మాత్రం ఒక్క సాయంత్రం చాలు, టీ తాగి వచ్చేసరికి అయిపోతుంది!

ఇక ఐదోది, పాత కంప్యూటర్‌కి ప్రాణం వస్తుందని. ఇది నిజమే, కాదనను. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం పైన ఉండాలి. శుభ్రంగా నడుస్తున్న మెషీన్‌ని పాతసామానుకు వేయడం కంటే లినక్స్ వేసి మెయిళ్లకూ స్కానింగ్‌కూ వాడుకోవడం నయం. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, మెసేజ్ రాసినాయనకు ఇది తెలిసినట్టు లేదు గానీ: మన యాపిల్ లేఅవుట్ లినక్స్‌లోనూ ఉంది, ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎం17ఎన్ అనే లేఅవుట్ల ప్యాకేజీ వేసుకుంటే దొరుకుతుంది, వచ్చేది యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే అక్షరాలు. అలా కొట్టిన మేటర్ ఫోన్లోనూ తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది. లినక్స్ వల్ల పని తీరు మారేది ఏదైనా ఉంటే అది ఇక్కడే, ఆ మారడానికి లినక్సే అక్కర్లేదు, విండోస్‌లో ఈరోజు నుంచే యూనికోడ్‌లో కొట్టొచ్చు.

కాబట్టి మారాలనుకునేవాళ్లు ముందు ఖాళీగా ఉన్న మెషీన్‌లో వేసి, నిరుటి ఫైళ్లు నాలుగు తెరిచి చూడండి. కర్వ్స్ చేసినవే కాదు, చేయని ఒరిజినల్స్ కూడా దాచారో లేదో చూసుకోండి. షాపులో నడుస్తున్న సిస్టమ్ జోలికి మాత్రం మూఢం వచ్చేదాకా పోకండి.