వాగు దాకా చేరని హెచ్చరిక

2023 జూలై 27 ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో ఒక్క రోజులో నమోదైన వర్షపాతాల్లో అదే అత్యధికం. అంతకుముందున్న 517.5 మిల్లీమీటర్ల రికార్డు కూడా ఈ జిల్లాదే; 2013 జూలై 19న వాజేడులో అది నమోదైంది. లక్ష్మీదేవిపేట మునిగిన రోజే పొరుగున జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు పడింది. మోరంచవాగు మీదపడి మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకుంటే, వారిని దించడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది.

అప్పుడు హెచ్చరిక లేదనడానికి వీల్లేదు. ఆ వారమంతా వాతావరణ శాఖ రాష్ట్రానికి అతిభారీ వర్ష సూచనలు చేస్తూనే ఉంది, రెడ్ అలర్ట్ కూడా ఇచ్చింది. ఆ హెచ్చరిక సచివాలయానికి, కలెక్టరేట్‌కు, టీవీ తెరల మీదికి చేరింది. వాగు గట్టున ఇల్లున్న మనిషి ఎప్పుడు లేచి ఎటు పోవాలో చెప్పేంతగా మాత్రం అది విడమరచి రాలేదు. ఈ జిల్లాకు కావలసింది మరిన్ని అలర్టులు కాదనీ, ఉన్న అలర్టును వాగు పేరుతో, ఊరి పేరుతో, గంట లెక్కతో చెప్పగలిగే ఏర్పాటనీ మా అభిప్రాయం.

ముందు రంగుల సంగతి చూద్దాం. వాతావరణ శాఖ లెక్క ప్రకారం ఒక్క రోజులో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా పడితే భారీ వర్షం, 204.4 దాకా అతిభారీ, అది దాటితే అత్యంత భారీ. హెచ్చరిక రంగుల్లో ఈ చివరిదానికి ఎరుపు; ఆ పైన మరో మెట్టు లేదు. 210 మిల్లీమీటర్లకూ 650 మిల్లీమీటర్లకూ ఒకటే ఎరుపు. మొదటిది రోడ్లను తెంపి, పొలాలను ముంచి పోతుంది. రెండోది చదరపు కిలోమీటరు నేల మీద 65 కోట్ల లీటర్ల నీళ్లు గుమ్మరిస్తుంది. అదే వాన నూరు చదరపు కిలోమీటర్ల మీద సమానంగా కురిసిందనుకుంటే 2.3 టీఎంసీలవుతుంది. పైగా ఆ ఎరుపు జిల్లా మొత్తానికీ కలిపి ఇచ్చేది. ఒకవైపు వరంగల్ దిక్కున మల్లంపల్లి, మరోవైపు ఛత్తీస్‌గఢ్ సరిహద్దున గోదావరి ఆవలి వాజేడు, వెంకటాపురం, నడుమ తాడ్వాయి అడవి ఉన్న జిల్లాలో ఒక మూల కుంభవృష్టి కురుస్తుంటే మరో మూల జల్లుతో సరిపోతుంది. జల్లుతో సరిపోయిన ఊరివారు తర్వాతి హెచ్చరికను పట్టించుకోకపోతే తప్పు పట్టలేం.

ఇంతకంటే మెరుగ్గా చెప్పడం ఎందుకు కష్టమో కూడా ఒప్పుకోవాలి. ఈ ప్రాంతపు మేఘాలను ప్రధానంగా హైదరాబాద్, మచిలీపట్నం డాప్లర్ రాడార్లే చూస్తాయి. ఏటూరునాగారం హైదరాబాద్‌కు ఆకాశమార్గాన సుమారు 230 కిలోమీటర్లు, మచిలీపట్నానికి సుమారు 250. రాడార్ కిరణం ముందుకు సాగేకొద్దీ భూమి వంపు కారణంగా నేలకు దూరమవుతుంది. ఇక్కడికి చేరేసరికి అది నాలుగైదు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కనుక ఆ కిందున్న మేఘంలో ఏం జరుగుతోందో దానికి సరిగా అందదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి – మేడారం అడవిలో పెనుగాలులకు వేల చెట్లు కూకటివేళ్లతో కూలిపోయినప్పుడు, అసలేం జరిగిందన్నది తేల్చుకోవడానికే నిపుణులు తర్వాత తలలు పట్టుకోవలసి వచ్చింది. ఆ గాలి ఊళ్ల మీదికి మళ్లలేదు కాబట్టి బతికిపోయాం. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం 2,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన మిషన్ మౌసమ్‌లో కొత్త రాడార్ల ప్రతిపాదన ఉంది. గోదావరి మధ్య లోయకు వాటిలో ఒకటి దక్కాలని మన ఎంపీలు పట్టుబట్టాలి. 2025 మే నెలలో అందుబాటులోకి వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ అంచనా నమూనా నేలను 6 కిలోమీటర్ల గడులుగా విభజించి అంచనా కడుతుంది. అది మంచి ముందడుగే. అయినా రాబోయే వాన ఏ వాగు తలమీద పడుతుందో రెండు రోజుల ముందు కచ్చితంగా చెప్పగల విద్య ఎక్కడా లేదు. అందుకే పడబోయే వాన మీద ఎంత శ్రద్ధ పెడుతున్నామో, పడిన వానను వెంటనే లెక్కలోకి తీసుకోవడం మీదా అంత శ్రద్ధ పెట్టాలి.

పెద్ద నది విషయంలో ఆ పని బాగానే జరుగుతోంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అదే పెద్ద వరద. నీళ్లు ఊళ్లను, ఇళ్లను ముంచినా, జనాన్ని చాలావరకు ముందే తరలించగలిగారు. ఎందుకంటే ఎగువన కాళేశ్వరం, పేరూరు, ఏటూరునాగారం దగ్గర కేంద్ర జలసంఘం నీటిమట్టం కొలుస్తుంది. ఆ నీరు దిగువకు రావడానికి గంటలు పడుతుంది. భద్రాచలంలో మూడు ప్రమాద హెచ్చరికల మట్టాలైన 43, 48, 53 అడుగులంటే ఏమిటో చిన్నపిల్లలకూ తెలుసు. 43 దాటిందంటే సామాను అటకెక్కిస్తారు, 53 దాటిందంటే ఇల్లు విడుస్తారు.

వాగుకు ఆ తీరిక లేదు. అడవిలో రాత్రి రెండింటికి పడిన వాన తెల్లవారేసరికి కాజ్‌వే మీద నిలువెత్తు పారుతుంది. జంపన్నవాగు, పస్రా దగ్గరి గుండ్లవాగు, పస్రా – తాడ్వాయి దారిలోని జలగలంచవాగు వంటివి కేంద్ర జలసంఘం ప్రకటించే వరద అంచనాల్లో కనిపించవు. చెరువులు మత్తడి దూకుతున్నప్పుడు వాటి నీరూ ఈ వాగుల్లోకే చేరుతుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడైతే వాగు నీరు నదిలో కలవలేక వెనక్కి తన్నుతుంది. అప్పుడు ఊరికి పైనుంచీ కిందినుంచీ నీళ్లే. వాన అంచనా ఇచ్చేది ఒక శాఖ, నది మట్టం చెప్పేది మరో శాఖ, చెరువు మత్తడి చూసేది ఇంకో శాఖ కావడంతో ఈ మూడింటినీ కలిపి ‘ఈ రాత్రి కొండాయికి ముప్పు’ అని చెప్పే బాధ్యత ఎవరి పేరునా లేదు.

కొలతల గందరగోళం దీనికి తోడు. ఏటూరునాగారం మండలం రామన్నగూడెం పుష్కరఘాట్ దగ్గర 14.83 మీటర్లకు మొదటి ప్రమాద హెచ్చరిక, 15.83కు రెండోది, 17.33కు మూడోది ఎగరేస్తారు. అదే నదికి భద్రాచలంలో లెక్క అడుగుల్లో ఉంటుంది. నీరు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల పైన ఉందో జలసంఘం చెబుతుంది. బ్యారేజీ ఇంజినీర్లు క్యూసెక్కుల్లో మాట్లాడతారు. టీవీలో ‘పది లక్షల క్యూసెక్కులు విడుదల’ అని చదివినప్పుడు మంగపేట రైతు తన మిరపతోట మునుగుతుందా లేదా అన్నది తనకు తానే ఊహించుకోవాలి. రామన్నగూడెంలో ఇన్ని మీటర్లుంటే ఏ ఊళ్లో ఎక్కడి దాకా నీరు వస్తుందో, ఏ దారి తెగుతుందో, టేకులగూడెం దగ్గర 163వ జాతీయ రహదారి మునుగుతుందో లేదో 1986, 2022 వరదల గుర్తులతో చూపే పట్టిక ప్రతి పంచాయతీ గోడ మీద ఉండాలి. దీనికి కావలసింది రాడారూ కాదు, ఉపగ్రహమూ కాదు; కొలతబద్దలు, రంగు డబ్బాలు, ఒక సర్వేయరు ఉంటే చాలు.

పడిన వాన లెక్క విషయానికొస్తే ఈ రాష్ట్రం నిజానికి చాలా రాష్ట్రాల కంటే ముందుంది. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సొసైటీకి వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. లక్ష్మీదేవిపేట రికార్డు మనకు తెలిసింది కూడా వాటి పుణ్యానే. అయితే ఆ లెక్కలను మండలాల వారీగా కూర్చి ఉదయం ఎనిమిదిన్నరకు ప్రకటించడం ఆనవాయితీ. నీటికి మండలాల హద్దులు తెలియవు. ప్రతి కేంద్రానికీ ఎదురుగా అది ఏ వాగు పరీవాహకంలో ఉందో, ఆ వాగు దిగువన ఏయే ఊళ్లున్నాయో రాసి పెట్టుకుని, మూడు గంటల్లో ఇంత వాన దాటితే ఆ ఊళ్లకు వెంటనే ఫోన్ వెళ్లాలన్న కట్టుబాటు ముందే చేసుకోవాలి. ఆకస్మిక వరదల ముప్పును చిన్న పరీవాహకాల స్థాయిలో ఆరు గంటల ముందు సూచించే దక్షిణాసియా వ్యవస్థను వాతావరణ శాఖ 2020 అక్టోబర్ నుంచీ నడుపుతోంది. ఆ సూచనను తహసీల్దారు తెలుగులో చదివి, తన మండలంలోని మూడు ఊళ్ల పేర్లుగా మార్చుకోగలిగినప్పుడే దానికి సార్థకత.

ఆ ఫోన్ ఎత్తేదెవరన్నది అసలు ప్రశ్న. ఊళ్లో దండోరా వేయించే పని ఒకప్పుడు రెవెన్యూ గ్రామ సిబ్బందిది. 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. 2023లో వీఆర్ఏలు ఇతర శాఖల్లో సర్దుబాటయ్యారు. ఆ నిర్ణయాలకు ఎన్ని కారణాలున్నా, రాత్రిపూట చెరువుకట్ట మీదికి టార్చిలైటుతో వెళ్లి చూసి వచ్చే మనిషి ఊరికి లేకుండా పోయాడన్నది వాస్తవం. పంచాయతీ కార్యదర్శి మండల కేంద్రంలో కాపురముంటే అతని చేతిలో మిగిలేది వాట్సాప్ గ్రూపు. 2025 సెప్టెంబర్‌లో గ్రామ పాలనాధికారులకు నియామక పత్రాలిచ్చారు. వరద హెచ్చరికను అందుకుని ఊరికి చాటడం, వాన తీవ్రంగా ఉన్న రాత్రి ఊళ్లోనే ఉండడం వారి విధుల్లో స్పష్టంగా రాయాలి. ఊరు ఖాళీ చేయించే నిర్ణయానికి కలెక్టరేట్ అనుమతి కోసం తెల్లవారేదాకా కాచుకోనక్కర్లేదని కూడా రాయాలి. జనాన్ని బడికి తరలించిన తర్వాత వాగు పొంగకపోతే ఆ అధికారిని సంజాయిషీ అడగరాదు. వృథా అయిన ఒక పూట భోజనాల ఖర్చుకు భయపడే వ్యవస్థలో సరైన సమయానికి ఎవరూ నిర్ణయం తీసుకోరు.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘సచేత్’ ద్వారా సెల్‌ఫోన్లు ఒక్కసారిగా మోగే హెచ్చరికలు పంపుతోంది. మేడ్చల్‌లో అది చక్కగా పనిచేస్తుంది. తాడ్వాయి, కన్నాయిగూడెం అడవుల్లో సిగ్నల్ దొరకడమే కష్టం. గాలివానకు కరెంటు పోతే ఉన్న టవరూ మూగబోతుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుంపులుగా స్థిరపడిన గుత్తికోయ ఆదివాసీలకు తెలుగు హెచ్చరిక పూర్తిగా అర్థమవుతుందన్న నమ్మకం లేదు. వారి గూడేలు చాలావాటికి ప్రభుత్వ రికార్డుల్లో గ్రామాలుగా గుర్తింపే లేదు కనుక ‘ముంపు గ్రామాల జాబితా’లోకి అవి సహజంగానే రావు. కోయ భాషలో ముందే రికార్డు చేసిన చిన్న ప్రకటనలు, బడి మీదనో గుడి మీదనో బ్యాటరీతో మోగే మైకు, ఊరికొక వైర్‌లెస్ సెట్టు ఇక్కడ సెల్‌ఫోన్ కంటే నమ్మకమైనవి.

తుపాన్ల విషయంలో మన తీరప్రాంతం ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన సుమారు పదివేల మందిని బలిగొన్నది. 2014లో హుద్‌హుద్ విశాఖ నగరాన్ని అతలాకుతలం చేసినా ప్రాణనష్టం దానితో పోల్చలేనంత తక్కువ. నడుమ రాడార్లు, ఉపగ్రహాలు వచ్చిన మాట నిజమే కానీ, తుపాను షెల్టర్లు, ఖాళీ చేయించే అలవాటు, ఆ పని ఎవరిదో తెలిసి ఉండడం కూడా అంతే నిజం. తుపాను మూడు నాలుగు రోజుల గడువిస్తుంది, వాగు మూడు నాలుగు గంటలే ఇస్తుంది. కాబట్టి లోతట్టు జిల్లాకు తీరం కంటే తేలికైన ఏర్పాటు సరిపోతుందని అనుకోవడం తలకిందుల ఆలోచన. విపత్తు బడ్జెట్లు మాత్రం ఇప్పటికీ సముద్రం వైపే చూస్తుంటాయి.

ఐదు రోజుల అంచనాకు ఉపయోగం లేదని మేము అనడం లేదు. దాని పని వేరు. నెలలు నిండిన గర్భిణులను వాగు దాటించి ఏటూరునాగారం ఆస్పత్రికి చేర్చడానికి, రేషన్ బియ్యం, పాముకాటు మందు ముందే పంపడానికి, నారు వేసిన రైతు నాట్లు రెండు రోజులు ఆపుకోవడానికి అది చాలు. ముత్యాలధార జలపాతానికి వెళ్లే దారి మూసేయడానికీ చాలు. 2023 జూలై 26న అక్కడ ఎనభై మంది దాకా పర్యాటకులు చిక్కుకుని జాతీయ విపత్తు స్పందన దళం వచ్చి బయటికి తెచ్చిందంటే, భారీ వర్ష సూచన ఉన్న రోజున అడవి ముఖద్వారం దగ్గర ఆపేవారు లేకపోవడం వల్లనే. లోలెవల్ కాజ్‌వేల దగ్గర ముళ్లకంప అడ్డం వేసి, ఒక ట్రాక్టరు నిలబెట్టి ఊరివాళ్లే కాపలా కాసే పద్ధతిని చాలాచోట్ల చూస్తున్నాం. పోలీసుల గేటు, నీటి లోతు తెలిపే గీతల స్తంభం ప్రతి కాజ్‌వేకూ ఇవ్వడానికి ప్రభుత్వానికి ఇంకెంత కాలం పడుతుంది?

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టర్ అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థ, ఒక ప్రణాళిక ఉండాలి. ఆ ప్రణాళికను ఏటా సమీక్షించి సవరించాలి. వానాకాలానికి ముందు జరిగే సమీక్షలో గత సంవత్సరపు పత్రానికే తేదీ మార్చి ఆమోదించుకునే అలవాటు మానాలి. ములుగు ప్రణాళికలో ప్రతి వాగు పేరు, దాని ఎగువన ఉన్న వర్షమాపక కేంద్రం, హెచ్చరిక పంపాల్సిన వాన పరిమితి, దిగువ ఊళ్లు, గూడేలు, ఆ రాత్రి ఫోన్ ఎత్తవలసిన ఇద్దరి పేర్లు, చేరవలసిన మిట్ట ఉండాలి. ఆ పేజీలను ఊరూరా గోడ మీద అతికించాలి. అవి అతికించారో లేదో జూన్ మొదటి వారంలోనే ఎమ్మెల్యేలు, జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి కొండాయి వెళ్లి చూడాలి.