చేపలకు డబుల్ బెడ్‌రూమ్

మంట చల్లారక ముందే రాసేస్తున్నా కాబట్టి మొదటి భాగం గబగబా కానిచ్చేస్తా. మా ఇంట్లో రెండడుగుల అక్వేరియం ఉంది. గప్పీలంటే మొహం మొత్తి, డ్వార్ఫ్ సిక్లిడ్లు పెడదామనుకున్నా. సిక్లిడ్లనేది ఒక చేపల కుటుంబం, అందులో ఇవి పొట్టి రకాలు. కొన్నిట్లో ఆలుమగలు కలిసి పిల్లల్ని కాచుకుంటాయి, కోపమొస్తే రంగు తేలుస్తాయి.

మనసు మొదట బ్లూ రామ్ మీద పడింది. వెనిజులా, కొలంబియాల్లో ఒరినోకో నది పరీవాహకంలో పుట్టిన చేప. దానికి నీళ్లు 28 డిగ్రీల వెచ్చగా ఉండాలి, ఉప్పూ సున్నం లేకుండా మెత్తగా ఉండాలి. వెచ్చదనానికి నల్లగొండలో కరువేం లేదు. నీళ్ల దగ్గరే పేచీ. మా బోరు నీళ్లు బకెట్లో రెండ్రోజులుంటే అంచున తెల్లటి గీత పడుతుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్లు పెట్టిన పేరే ‘నల్గొండ టెక్నిక్’. ఊరి పేరు ప్రపంచమంతా తిరిగింది, ఊళ్లో మంచినీళ్లు తిరగడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. అపిస్టోగ్రామా అనే ఇంకో పొట్టి సిక్లిడ్ రకాలదీ అమెజాన్ వైపే, చాలావాటికి ఇదే గోల.

దుకాణాయన్ని అడిగితే వినిపించుకుంటేనా! “ఫ్లవర్‌హార్న్ తీస్కోండి సార్, వాస్తుకు మంచిది” అంటాడు. అడుగు పొడవు పెరిగే చేపను రెండడుగుల గాజుపెట్టెలో పెడితే వాస్తు నాకు బాగుంటుందేమో, అది వెనక్కి తిరిగేదెట్లా?

చివరికి మా బోరుకు సరిపడ్డ చేప ఆఫ్రికాలో దొరికింది. టాంగన్యీకా సరస్సులో నీళ్లు కూడా మా బోరు నీళ్లలాగే గట్టి నీళ్లు, అంటే సున్నం ఎక్కువ. అందులో ‘మల్టీ’ అని ముద్దుగా పిలిచే చేప ఉంది. రెండంగుళాలు కూడా ఉండదు. ఖాళీ నత్తగుల్లలో కాపురం, ప్రమాదమొస్తే అందులోకే పరుగు, గుడ్లు అందులోనే. చుట్టూ ఇసుక తవ్వి ఇల్లు తన ఇష్టమొచ్చినట్టు సర్దుకుంటుంది. చేపలు తెప్పిస్తానని దుకాణాయన అడ్వాన్స్ తీసుకున్నాడు. గుల్లలు నేను చూసుకోవాలి.

అందుకని పొద్దున్నే పానగల్లు చెరువు, అదే ఉదయసముద్రం ఒడ్డున ప్యాంటు మడిచి గుల్లలు ఏరుతున్నా. వెనక నుంచి గొంతు వినబడింది.

“ఏం అల్లుడా, ఏం ఏరుతున్నవ్?”

మా ఆవిడ చిన్నాన్న. వాకింగ్‌కొచ్చాడు. ఈయనకు చెప్పడం, మైకులో చెప్పడం ఒకటే.

“నత్తగుల్లలు మామా.”

“నడుము నొప్పా?”

“కాదు మామా. చేపలకు ఇండ్లు.”

ఆయన చేతికర్ర నేలకు ఆనించి, గడ్డం కర్ర మీద పెట్టి నన్ను కాసేపు చూశాడు. పిల్లనిచ్చేటప్పుడు ఏం విచారించామా అని లెక్కలు వేసుకుంటున్నట్టు కనబడింది. తర్వాత చాలా మెల్లగా అడిగాడు: “చేపలు నీళ్లల్లనే ఉంటయి గద బిడ్డా. వాటికి ఇల్లెందుకు?”

చెప్పకుండా ఉండాల్సింది. టాంగన్యీకా దగ్గర మొదలుపెట్టి, ఒక్కో చేపకు ఒకటికి రెండు గుల్లలుంటే కొట్లాట తగ్గుతుందని కూడా చెప్పా. ఆయన గట్టు మీద బర్రెలు తోలుకుపోతున్నాయన్ని కేకేశాడు. “ఇగో, ఇటు రా! మనకు డబుల్ బెడ్‌రూమ్ రాలే గానీ, మా అల్లుడు చేపలకిస్తుండు!”

బర్రెలాయన వచ్చాడు. బడికి పోతున్న పిల్లలొచ్చారు. దరఖాస్తు ఎవరికియ్యాలని ఒకాయన అడిగాడు. పట్టా ఆడచేప పేరు మీదనా అని ఇంకొకాయన. ఒక పిల్లవాడు జేబులోంచి గుల్ల తీసి, “సార్, దీనికి బాల్కనీ ఉంది” అని పగిలిన పక్క చూపించాడు. లారీ ట్యూబు మీద వల సర్దుకుంటున్న చేపలాయన ఒక్కడే నవ్వలేదు. “ఆఫ్రికా చేపంటే మన జిలేబి చేప సుత ఆడికెల్లి వచ్చిందే. అది బురదల గుంట తవ్వుతది, పిల్లల్ని నోట్ల పెట్టుకుంటది. దానికెవరన్న ఇల్లు కట్టిండ్రా?” అన్నాడు. అందరూ నా వైపు చూశారు, జవాబు నేనే చెప్పాలన్నట్టు.

సంచి నిండిపోయింది, నేను ఏరినవి తక్కువ, వాళ్లు తెచ్చిచ్చినవి ఎక్కువ. వాటిని ఉడకబెట్టి కడిగిన వైనం రాయను. ఆ గిన్నె ఇప్పుడు మా ఇంట్లో లేదు.

చేపలొచ్చాయి. ఒక్కోటి 300 రూపాయలు. వేలి కణుపంత ఉన్నాయి, ఒంటి మీద నిలువు చారలు, అచ్చం ఫోటోలో ఉన్నట్టే. ఇసుక పరిచి, గుల్లలు మూతి పైకి పెట్టి దీపమేసి కూర్చున్నా. ఒక్కటీ గుల్ల వైపు చూడలేదు. పైగా మేత కోసం పైకొచ్చి మూతులు తెరుస్తున్నాయి. అలవాటు పడాలి కదా అనుకున్నా. వారాలు గడిచేకొద్దీ చేపలు పెరిగాయి, గుల్లలు పెరగలేదు.

నిన్న సాయంత్రం చిన్నమామ వచ్చాడు, ‘గృహప్రవేశం’ చూడ్డానికట. వెంట ఆ చేపలాయన కూడా. ఆయన గాజుకు ముక్కు ఆనించి చూసి, ఒకదాని వీపు రెక్క మీద వెనక వైపున్న నల్లటి చుక్క మీద వేలు పెట్టాడు.

“సారూ, ఇది జిలేబి పిల్ల.”

మా ఆవిడ వంటింట్లోంచి, “పులుసుకా, ఫ్రైకా?” అంది.

వెంటనే దుకాణాయనకు ఫోన్ చేశా. నోటికొచ్చిందల్లా అన్నా. అంతా విని, తాపీగా అన్నాడు: “సార్, మీరు సిక్లిడే గదా అడిగింది? జిలేబి సిక్లిడే. గూగుల్‌ల కొట్టి చూడుండ్రి.”

కొట్టి చూశా. సిక్లిడే.